‘పెరియోదికో దే అయేర్’ పెళ్లి సంగీత్‌లో వేయొచ్చా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: “మా అక్క సంగీత్‌లో అక్కా, కాబోయే బావా కలిసి సాల్సా చేస్తామంటున్నారు. డాన్స్ నేర్పే మాస్టారు ఎక్టర్ లవో పాడిన ‘పెరియోదికో దే అయేర్’ పాట ఇచ్చారు. బీట్ అదిరిపోయింది. కానీ కింద కామెంట్లలో ఎవరో ఇది ప్రేమలో మోసం గురించిన పాట అని రాశారు. నిజమేనా? నిజమైతే ఇంత హుషారుగా ఎందుకుంది? బావ ఆఫీసు నుంచి ఇద్దరు కొలంబియా వాళ్లు కూడా వస్తున్నారు. టెన్షన్‌గా ఉంది.”

వేయకండి. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ చేతులు పట్టుకుని ఆడే పాటగా అసలే వద్దు. మీ మాస్టారిని తప్పు పట్టక్కర్లేదు. సాల్సా నేర్పడానికి ఇంతకన్నా మంచి పాటలు తక్కువ. తాళం తప్పినా మళ్లీ అందుకోవచ్చు, ఊపు ఎక్కడా తగ్గదు. ఆయనకు కావాల్సింది అదే కాబట్టి అదే ఇచ్చారు.

నేను న్యూజెర్సీలో ఉంటాను. శనివారం రాత్రుళ్లు లాటిన్ డాన్స్ పార్టీల్లో పాటలు వేయడం చాలా ఏళ్లుగా అలవాటు. ఈ పాట పడితే ఫ్లోర్ నిండిపోతుంది. డాన్స్ రానివాళ్లు కూడా గోడ పక్కన నిలబడి, చేతిలో గ్లాసు పట్టుకుని, మొదటి మాట నుంచి చివరి మాట దాకా అప్పజెప్పేస్తారు. వాళ్లలో కొలంబియా వాళ్ల గొంతు ఒక మెట్టు పైనే ఉంటుంది. అక్కడి కాలీ నగరం ప్రపంచానికే సాల్సా రాజధానినని చెప్పుకుంటుంది. లవో కూడా 1980ల మొదట్లో కొంతకాలం ఆ ఊళ్లోనే ఉండి పాడాడు. కాబట్టి మీ బావగారి స్నేహితులకు ఈ పాట తెలియకపోవడం జరిగే పని కాదు. మొదటి లైనుకే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఎందుకంటే పాట పేరుకు అర్థమే ‘నిన్నటి పేపరు’. ఆ మొదటి లైను, ‘నీ ప్రేమ నిన్నటి పేపరు, దాన్ని ఇక ఎవరూ చదవరు’ అని.

అక్కడి నుంచి పాట ఆ పేపరును వదిలిపెట్టదు. తెల్లవారుజామున బయటికొచ్చినప్పుడు సంచలనం. మధ్యాహ్నానికి నిజమేనని తేలిపోయిన వార్త. సాయంత్రానికి అందరూ మర్చిపోయిన సంగతి. ఒక ప్రేమ పుట్టి, ముదిరి, చచ్చిపోవడం ఒక్క రోజులో అయిపోయింది. ఆ తర్వాత ఇంకో మాట అంటాడు: నువ్వు పేజీ అంతా పట్టిన హెడ్డింగువి, అందుకే ఎక్కడికెళ్లినా నిన్ను గుర్తుపడుతున్నారు. పైకి పొగిడినట్టే ఉంటుంది గానీ పచ్చి దెప్పిపొడుపు. నీ సంగతి ఊరందరికీ తెలిసిపోయిందిలే అనడం.

ఇప్పుడు ఒక విషయం గమనించండి. ఆమె ఏం చేసిందో పాటలో ఎక్కడా లేదు. వేరొకరి దగ్గరికి వెళ్లిందా, అబద్ధం చెప్పిందా, లేక ఇతన్ని భరించలేక తలుపేసుకుందా, ఒక్క ముక్క లేదు. తీర్పు మాత్రం మనం వింటాం. ఇన్నేళ్లుగా ఈ పాట వింటున్నవాళ్లంతా ఆమె మోసం చేసిందనే నమ్ముతారు, ఎందుకంటే పాడేవాడి గొంతులో అంత నమ్మకం ఉంది.

అయితే ఆ నమ్మకానికి తూట్లు పొడిచే లైను కూడా పాటలోనే ఉంది. నీ పేరును ఒక పేపరు ముక్కలా కత్తిరించి దాచుకున్నాను, మరుపు అనే ఆల్బమ్‌లో అతికించాను అంటాడు. కాస్త ఆగి ఆలోచిస్తే నవ్వొస్తుంది. మర్చిపోయినవాడు కత్తెర తీసుకుంటాడా? అంచులు చూసుకుని కత్తిరించి, జిగురు రాసి, ఆల్బమ్‌లో పెట్టుకుంటాడా? ఎవరూ చదవరన్న పేపరును ఇతను అక్షరం అక్షరం చదివాడు, దాచుకున్నాడు, ఆరు నిమిషాలకు పైగా దాని గురించే పాడుతున్నాడు. ‘నువ్వంటే నాకు లెక్కే లేదు’ అని పదిసార్లు ఫోన్ చేసి మరీ చెప్పే రకం. నా దృష్టిలో పాటకు ప్రాణం ఆ ఆల్బమ్ లైనే. అది లేకపోతే ఇది వట్టి తిట్ల పాట.

దీన్ని రాసింది లవో కాదు, తీతే కురేత్ అలోన్సో. 1926లో కరీబియన్ దీవి ప్యూర్టోరికోలోని గ్వయామాలో పుట్టాడు. రెండు వేలకు పైగా పాటలు రాసినట్టు చెబుతారు, అయినా పొట్టపోసుకున్నది చాలాకాలం పోస్టాఫీసు ఉద్యోగంతోనే. మధ్యలో విలేకరి కూడా. 1960లో న్యూయార్క్ వచ్చినప్పుడు ‘లా ప్రెన్సా’ అనే స్పానిష్ దినపత్రికలో ఆటల వార్తలు రాశాడు. పొద్దున వేడివేడిగా అమ్ముడైన కాగితం సాయంత్రానికి ఏ గతి పడుతుందో దగ్గర నుంచి చూసినవాడు. అందుకే ఆ పోలిక అంత తేలిగ్గా కుదిరింది. ప్యూర్టోరికో రాజధానిలోని పాత పేట ఓల్డ్ శాన్ హువాన్‌లో ప్లాసా దే అర్మాస్ అనే కూడలి ఉంది. అక్కడ బెంచీ మీద కూర్చున్నట్టుగా ఆయన విగ్రహం పెట్టారు. జనం పక్కన కూర్చుని ఫొటోలు దిగుతారు. విడ్డూరం ఏమిటంటే, హక్కుల గొడవ వల్ల 1990ల మధ్య నుంచి 2009 దాకా ఆయన పాటలు ఆయన సొంత దీవి రేడియోల్లోనే దాదాపు వినపడలేదు. 2003లో చనిపోయేనాటికి కూడా ఆ గొడవ తేలలేదు.

లవో జీవితంలోని విషాదాలన్నీ ఈ పాటకు అంటగట్టే వీడియోలు మీకు బోలెడు కనిపిస్తాయి. పట్టించుకోకండి. లవో కూడా ప్యూర్టోరికోవాడే, 1946లో పోన్సేలో పుట్టాడు, 1963లో పాడడానికి న్యూయార్క్ వచ్చేశాడు, విలీ కొలోన్ బ్యాండులో పేరు తెచ్చుకున్నాక విడిగా పాడడం మొదలుపెట్టాడు. ఈ పాట ఉన్న ‘దే తీ దెపెందే’ ఆల్బమ్ ఫానియా అనే రికార్డు కంపెనీ నుంచి 1976లో వచ్చింది, దాని నిర్మాత కూడా విలీ కొలోనే. కొడుకు చనిపోవడం 1987లో, శాన్ హువాన్‌లో హోటల్ పైనుంచి పడడం 1988లో. పాట వచ్చి పదేళ్లు దాటాక జరిగినవి. మరొకరు రాసిన మాటలను తన సొంత గాయంలా పాడగలగడం అతని విద్య. ఆ విద్యను అతని జీవితచరిత్రగా మార్చేస్తే ఇద్దరికీ అన్యాయమే.

అసలు కురేత్ అలోన్సో ప్రేమద్రోహం పాటలన్నీ పక్కపక్కన పెట్టుకుని వింటే ఒకటి తెలుస్తుంది. మోసపోయినందుకు బాధ ఒక వంతైతే, నలుగురి నోళ్లలో ఎవరి కథ నానుతుంది అన్న తగువు మూడు వంతులు. ఈ పాటలో పేపరు. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1968లో, క్యూబా నుంచి వచ్చిన లా లూపే అనే గాయనికి ఆయన ఇచ్చిన ‘లా తిరానా’లో నవల. అందులో మాట్లాడేది ఆడమనిషి: నీ లెక్క ప్రకారం నేనే చెడ్డదాన్ని, నీ నవల్లో విలన్ని, ఎవరి కథ వాళ్లు తమకు నచ్చినట్టు చెప్పుకుంటారు, నా మీద విషం కక్కుతున్నావు, కక్కుకో. చివర్లో ఒక దెబ్బ కొడుతుంది: నిన్ను వదిలేసిన రోజు బాగుపడింది నేనేనని జనమే అంటున్నారు.

అంటే 1976లో లవో గొంతుతో ఊరందరికీ చాటింపు వేయబోయే మగవాడికి జవాబు 1968లోనే రాసి పెట్టాడన్నమాట. రాసింది ఒకే మనిషి. తానే ప్రాసిక్యూటరు, తానే డిఫెన్సు లాయరు. పాటలు రాసేవాళ్లు ఎవరి పక్షం తీసుకుంటారో ఆ పక్షమే వాళ్ల మనసని మనం అనుకుంటాం గానీ, ఇతను ఇద్దరి వకాల్తా పుచ్చుకున్నాడు.

మూడోది ‘పురో తెయాత్రో’. ఇదీ లా లూపేకు రాసిందే. ఇందులో పేపరు, నవల పోయి నాటకం వచ్చింది: స్టేజి మీదలాగే చవకబారు ఏడుపు ఏడుస్తున్నావు, రిహార్సల్ బాగా చేశావు, అబద్ధం నీకు భలే నప్పింది, అందుకే తెర పడింది. స్పెయిన్ దర్శకుడు అల్మొదోవార్ 1988లో తీసిన సినిమాలో ఈ పాట వినిపించడంతో స్పెయిన్‌లో కొత్త తరానికి కూడా లా లూపే తెలిసింది. రికార్డులో పాట ముగిసే ముందు ఆమె పాడడం ఆపి మామూలుగా మాట్లాడుతుంది: గుర్తుంచుకో, నీ లెక్క ప్రకారం నేనే చెడ్డదాన్ని. తన పాత పాటలోని మాటనే తీసుకొచ్చి మళ్లీ అతని మొహాన కొట్టింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ఒక్క వాక్యం వినండి. నవ్వుతూ అంటున్నదో ఏడుస్తూ అంటున్నదో చెప్పడం కష్టం. స్టేజి మీద చెప్పులు విసిరేదని, పియానో వాయించేవాణ్ని కొట్టేదని ఆవిడ గురించి చెబుతుంటారు. ఈ రికార్డు విన్నాక అది నమ్మబుద్ధేస్తుంది.

ఇక మీ రెండో ప్రశ్న: ఇంత చేదు విషయం ఇంత హుషారుగా ఎందుకుంది?

సాల్సా పాటను ఒకటే పాటగా వింటే ఇది అర్థం కాదు. అందులో రెండు భాగాలుంటాయి. మొదటి సగంలో కథ చెబుతారు, రాసినది రాసినట్టు పాడతారు. అది బొలేరో అనే పాతకాలపు నెమ్మది ప్రేమపాటల సొత్తు. విరహం, ఎత్తిపొడుపు, కన్నీళ్లు అన్నీ అక్కడి నుంచి వచ్చినవే. తర్వాత మొంతూనో అనే రెండో సగం మొదలవుతుంది. ఎప్పుడు మొదలైందో కళ్లు మూసుకున్నా తెలుస్తుంది, బొంగో అనే చిన్న జంట డప్పులు వాయించేవాడు వాటిని పక్కన పెట్టి పెద్ద గంట అందుకుంటాడు. ఆ గంట టంగుటంగుమని మోగడం మొదలవగానే ఫ్లోర్ మీద నడుములు మారిపోతాయి. అప్పటి నుంచి వెనక కోరస్ ఒకే వాక్యం పట్టుకుంటుంది, గాయకుడు మధ్యమధ్యలో అప్పటికప్పుడు మాటలు కల్పించి విసురుతుంటాడు. మన బుర్రకథలో వంతల పని ఎలాంటిదో ఈ కోరస్ పని అలాంటిది, ఊపు పడిపోకుండా పట్టుకుంటూ కథకుడికి అందిస్తూ ఉంటుంది.

ఈ పాటలో కోరస్ పట్టుకున్న వాక్యం ఒక ప్రశ్న: నిన్నటి పేపరు చదవడం దేనికి? చూడ్డానికి ఎగతాళి. కానీ మళ్లీ మళ్లీ అడుగుతుంటే ఆ ప్రశ్న ఆమె నుంచి జారి అతని మీదికి వస్తుంది. అవునయ్యా, దేనికి చదువుతున్నావు మరి? ఊరుకోవచ్చుగా? ప్రతిసారీ లవో ఏదో ఒక జవాబు చెబుతాడు. పో, నా పక్కన నిలబడకు అంటాడు. అందరికీ తెలిసిన వార్త నాకెందుకంటాడు. సన్నగా, ముక్కుతో పలికినట్టు ఉండే గొంతు, ఒక్క అక్షరం మింగకుండా పలకడం అతని ప్రత్యేకత. మాట తాళం కంటే కొంచెం వెనక వేసి, ఆఖరి క్షణంలో అందుకుంటాడు. పందెం కాస్తున్నవాడి ధీమా అది. వెనక ఇత్తడి వాద్యాలతో పాటు వయొలిన్లు కూడా ఉన్నాయి, గమనించారో లేదో. గాయకుడు వెక్కిరిస్తుంటే వయొలిన్లు మాత్రం బొలేరో కాలం నాటి బాధనే పట్టుకుని వదలవు. ఏది నిజమో వాటినడిగితే చెబుతాయి.

ఇంకో కారణం మరీ మామూలుది. ఈ బ్యాండులన్నీ డాన్స్ హాళ్లలో వాయించి బతికినవి. శుక్రవారం జీతం తీసుకుని వచ్చిన మనిషి కూర్చుని ఏడవడానికి టికెట్టు కొనడు. ప్యూర్టోరికో నుంచి న్యూయార్క్ వచ్చి ఫ్యాక్టరీల్లో, హోటళ్లలో పనిచేసిన జనం సంగీతం ఇది. పెళ్లాం పోయినా, ఉద్యోగం పోయినా రాత్రికి కాళ్లు కదలాలి. కాబట్టి ఏ విషయం మీదైనా తాళం మాత్రం కాళ్లకోసమే ఉంటుంది. సాల్సా మీకు నేర్పేటప్పుడు ఒకటి రెండు మూడు, ఐదు ఆరు ఏడు అని లెక్క చెబుతారు కదా, ఆ లెక్కకు మాటలతో పనే లేదు.

ఇలాంటిదే ఇంకోటి మీ క్లాసులో తప్పకుండా వినే ఉంటారు, వెనెజువేలా బ్యాండు దిమెన్సియోన్ లతీనాతో ఒస్కార్ దె లియోన్ పాడిన ‘యోరారాస్’. 1970ల నడుమ వచ్చింది, ఇప్పటికీ ప్రతి పార్టీలో ఉంటుంది. నవ్వుతూ, గిరగిరా తిరుగుతూ జనం పాడుకునే ఆ మాటలకు అర్థం ఏమిటంటే: ఏడుస్తావు, ఓదార్చేవాళ్లు లేక ఏడుస్తావు, మోసపోతే ఎంత నొప్పో అప్పుడు తెలుస్తుంది. అది మొగుడూ పెళ్లాలు కలిసి ఆడే డాన్సుకు పెట్టుకున్నవాళ్లను కూడా చూశాను. వాళ్లకు స్పానిష్ రాదు, హాల్లో ఎవరికీ రాదు, అందరూ చప్పట్లు కొట్టారు. మీ హాల్లో ఇద్దరికి వచ్చు, అదే చిక్కు.

సాల్సా వద్దులే, బచాతాకు మారదాం అనుకుంటే అక్కడ ఇంకా జాగ్రత్త. డొమినికన్ రిపబ్లిక్‌లో నియంత త్రుహీయో 1961లో హతమయ్యాక, మరుసటి ఏడాది హోసే మాన్యుయెల్ కల్దెరోన్ రికార్డులతో మొదలైన సంగీతమిది. చాలాకాలం పెద్దమనుషులు దాన్ని తాగుబోతుల పాటలని ఈసడించారు, చేదు పాటలనే పేరు కూడా ఉండేది. సారా దుకాణాల్లో, పేదల వాడల్లో, ప్రియురాలు మోసం చేసిందని గిటారు తీగల మీద ఏడ్చే పాటలే ఎక్కువ. 2019లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాక ఇప్పుడు అందరూ మాదే అంటున్నారు, అది వేరే సంగతి. మీ మాస్టారు ‘ఒబ్సెసియోన్’ పెడదామంటే మొహమాటపడకుండా వద్దనండి. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ కుర్రాళ్ల అవెంతురా బ్యాండు 2002లో తెచ్చిన పాట, యూరప్‌నంతా ఊపేసింది. అందులో అబ్బాయి తనది ప్రేమంటాడు, అమ్మాయి నీది ప్రేమ కాదు పిచ్చి అని కుండబద్దలు కొడుతుంది. మన సినిమాల్లో అయితే ఆ అబ్బాయే హీరో, ఇక్కడ మాత్రం పాటే అతన్ని నిలదీస్తుంది. మంచి పాట. సంగీత్‌కు మాత్రం కాదు.

మరి ఏది వేయాలి? స్టెప్పులు సాల్సావే నేర్చుకున్నారు కాబట్టి సాల్సాలోనే ఉండండి. నేనైతే మార్క్ ఆంథొనీ ‘వాలియో లా పేనా’ వేస్తాను. నీతో ఉండడానికి పడిన కష్టమంతా సార్థకమైందనే పాట, పెళ్లికి అంతకన్నా ఏం కావాలి. పెద్దవాళ్లు కూడా చప్పట్లు కొట్టేలా ఉండాలంటే ఆయనదే 2013 నాటి ‘వివిర్ మీ విదా’ ఉంది. అల్జీరియా గాయకుడు ఖాలెద్ పాటను సాల్సాగా మలిచినది, నవ్వుతాను, ఆడతాను, బతుకుతాను అనడమే అందులో సారమంతా. సేలియా క్రూస్ ‘లా విదా ఎస్ ఉన్ కర్నవాల్’ ఇంకా గొప్పది కానీ మీ అక్కావాళ్లకు ఉన్న టైములో దాని వేగం పట్టుకోవడం కష్టం కావచ్చు. నెమ్మదైన పాటే కావాలి, స్టెప్పులు మార్చుకోవడానికి టైముంది అనుకుంటే హువాన్ లూయిస్ గెర్రా ‘బచాతా రోసా’. ప్రియురాలికి గులాబీ ఇచ్చే పాట, బచాతాలో ఇంత నిర్మలమైనవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సాల్సా స్టెప్పులు మాత్రం దాని మీద పనికిరావు, మూడడుగులు పక్కకు వేసి నాలుగో దానికి తట్టే పద్ధతి వేరు.

ప్రాక్టీసు ‘పెరియోదికో’ మీదే కొనసాగించమనండి, కాళ్లు బాగా అలవాటు పడతాయి. చివరి రెండు వారాలు కొత్త పాట మీద చేస్తే చాలు. లెక్క అదే కానీ ఆగే చోట్లు వేరు కాబట్టి తిప్పడం, వంచడం లాంటివి ఎక్కడ పెట్టాలో మాస్టారు మళ్లీ చూసుకోవాలి. పాటను కత్తిరించేటప్పుడు మొంతూనో భాగం పోకుండా చూడండి, మూడు నిమిషాలే కావాలంటే మొదటి సగంలో కొంత తీసేయండి. ఇంకోటి, ‘వాలియో లా పేనా’కు పాప్ వెర్షన్, సాల్సా వెర్షన్ రెండూ 2004లోనే వచ్చాయి. డౌన్‌లోడ్ చేసేముందు గంటా, ట్రాంబోన్లూ వినిపిస్తున్నాయో లేదో చూసుకోండి, పాప్ దాని మీద మీవాళ్ల స్టెప్పులు పడవు.